సత్తుగిన్నె వెనక నల్లబొగ్గు

ఉగాది పచ్చడి సత్తుగిన్నెలో కలపకూడదని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. "అందులో పులుపు నిలవదు నాయనా, ఆ కొత్త పిడత ఇలా తీసుకురా" అనేది మా అమ్మమ్మ. అన్నం వండడానికి, పాలు కాచడానికి, నీళ్ళు తోడుకోవడానికి పనికొచ్చే గిన్నె చింతపండు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికిరాకుండా పోతుందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత కాలేజీలో రసాయనశాస్త్రం చదువుకున్నప్పుడు తెలిసింది. ఆ లోహానికి గాలి సోకగానే పైన పలచని ఆక్సైడు పొర ఒకటి ఏర్పడుతుంది. గిన్నెను కాపాడేది ఆ పొరే. పులుపు ఆ పొరను కొరుకుతుంది.

కొన్ని జిల్లాల్లో దీన్ని సత్తు అంటారు, మరికొన్నిచోట్ల సిల్వరు అంటారు. నిజానికి అది సత్తూ కాదు, వెండీ కాదు. అల్యూమినియం. మన చిన్నతనంలో జేబులో గలగలలాడిన పది పైసలు, ఇరవై పైసల బిళ్ళలు దీనితో చేసినవే. సింగపూరులో 1971లో వెలువడిన చేపబొమ్మ అయిదు సెంట్ల బిళ్ళ కూడా ఈ లోహమే. ఇంట్లో కిటికీ చట్రం, ఫ్రిజ్‌లో పానీయం డబ్బా, చాంగీలో మనం ఎక్కే విమానం, అన్నిటా ఇదే.

ఇంత చవకగా, ఇంత విరివిగా దొరికే లోహాన్ని తయారుచేయడానికి ఒక నల్లటి బొగ్గుదిమ్మ రోజురోజుకీ కరిగిపోతూ ఉంటుందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ దిమ్మ పేరు ఆనోడు. దాని నడవడిని ప్రయోగశాలల్లో నూరేళ్ళకు పైగా ఎందరో ఓపికగా గమనిస్తూ వచ్చారు. ఆ చరిత్రలో మన విశాఖపట్నానికీ, మనం ఉంటున్న ఈ సింగపూరు జలసంధికీ కూడా చోటుంది. అందుకే మన సభ్యుల కుటుంబాలతో ఆ కథ పంచుకోవాలనిపించింది.

వెండిని మించిన విలువ

అల్యూమినియం భూమిలో లేక కాదు అరుదయింది. భూమి పైపొరలో ఇనుము కన్నా ఎక్కువగా ఉన్న లోహం ఇదే. అయితే ఆక్సిజన్‌ను పట్టుకుంటే వదలదు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే ఇనుము విడిపోతుంది. మన పల్లెల్లో కమ్మరులు తరతరాలుగా ఎరిగిన విద్య అది. అల్యూమినియం విషయంలో మామూలు కొలిమి వేడికి ఆ పాచిక పారదు.

1825లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్, 1827లో జర్మనీకి చెందిన వోలర్ రసాయన పద్ధతుల్లో ఈ లోహాన్ని చిటికెడంత రాబట్టగలిగారు. 1854లో ఫ్రాన్సులో సెంట్ క్లేర్ డెవిల్ దాన్ని కొంత పెద్ద ఎత్తున తీశాడు. ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ ఈ పరిశోధనకు అండగా నిలిచాడు. ఆయన విందుల్లో ముఖ్య అతిథులకు అల్యూమినియం చెంచాలు, మిగిలినవారికి వెండి, బంగారు చెంచాలు పెట్టేవారని ఒక కథ చెప్పుకుంటారు. 1884లో అమెరికా రాజధానిలో వాషింగ్టన్ స్మారక స్తంభం శిఖరాన పెట్టడానికి దాదాపు మూడు కిలోల బరువుండే అల్యూమినియం ముక్కను పోతపోస్తే, దాన్ని చూడటానికి జనం విరగబడ్డారు. ఇప్పుడు మనం అంట్లగిన్నెల్లో పడేసే లోహానికి ఆనాడు దక్కిన మర్యాద అది.

కట్టెల కొట్టంలో ఒక కుర్రవాడు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓబర్లిన్ అనే చిన్న ఊరు. అక్కడి కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే ఫ్రాంక్ జెవెట్ అనే ఆచార్యుడు, అల్యూమినియంను చవకగా తీసే దారి కనిపెట్టినవాడు లోకానికి మేలు చేయడమే కాక తానూ ధనవంతుడవుతాడని తరగతిలో అన్నాడట. ఆ మాట చార్లెస్ మార్టిన్ హాల్ అనే విద్యార్థి మనసులో నాటుకుంది. చదువు ముగిశాక ఇంటి వెనక ఉన్న కట్టెల కొట్టాన్నే ప్రయోగశాలగా మార్చుకున్నాడు. రసాయనశాస్త్రం చదివిన అక్క జూలియా అతనికి తోడుగా ఉండి ప్రయోగాల పూర్వాపరాలు గమనిస్తూ వచ్చింది. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో విద్యుత్ సరఫరా లేదు. బ్యాటరీలు అతను స్వయంగా తయారుచేసుకోవలసి వచ్చింది.

అల్యూమినియం ఆక్సైడు, అంటే అల్యూమినా, నేరుగా కరగాలంటే రెండువేల డిగ్రీల పైమాటే. హాల్‌కు తట్టిన ఉపాయం ఏమిటంటే క్రయోలైటు అనే ఖనిజాన్ని ముందు కరిగించి, అల్యూమినాను అందులో వేయడం. పాకంలో పంచదార కరిగినట్టు అది వెయ్యి డిగ్రీల లోపే కరిగిపోయింది. ఆ ద్రవంలోకి రెండు కడ్డీలు దించి విద్యుత్తు పంపాడు. మొదట లోహం రాలేదు. మట్టిమూస నుంచి ఇసుకపదార్థం ద్రవంలోకి కరిగి పని చెడగొడుతోందని అనుమానించి, మూసకు లోపల బొగ్గుతో పూత పెట్టాడు. 1886 ఫిబ్రవరి 23న వెండిలా మెరిసే చిన్న చిన్న గుండ్లు మూస అడుగున దొరికాయి. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు.

చిత్రమేమంటే అదే సంవత్సరం ఫ్రాన్సులో పాల్ ఎరూ అనే మరో యువకుడు, హాల్ పేరు కూడా వినకుండానే, ఇదే పద్ధతి కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇద్దరూ 1863లో పుట్టారు, ఇద్దరూ 1914లో పోయారు. అందుకే ఈ పద్ధతికి హాల్-ఎరూ విధానమని జంటపేరు నిలిచింది. 1880ల మధ్యలో పౌను పన్నెండు డాలర్ల ప్రాంతంలో ఉన్న లోహం, పదేళ్ళు తిరక్కుండానే ఒక డాలరు లోపుకి దిగివచ్చింది.

ఇక్కడ మన కథకు ముఖ్యమైన విషయం ఒకటుంది. బొగ్గు ఆనోడు కరిగిపోతోందని హాల్ మొదట్లోనే గమనించాడు. అలా కరగని ఆనోడు కోసం రాగితో కూడా ప్రయత్నించాడు. అది నిలవలేదు. చివరికి బొగ్గుకే తిరిగివచ్చాడు. ఆ నాటి నుంచి నేటి దాకా ప్రపంచంలోని అల్యూమినియం కర్మాగారాలు బొగ్గు ఆనోడ్ల మీదనే నడుస్తున్నాయి.

కళాయి బాధ తప్పించిన గిన్నె

అప్పటి చెన్నపట్నంలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నిటికీ రాజధానిగా ఉన్న ఊళ్ళో, ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు 1898లో ప్రభుత్వ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. రేకులు విదేశాల నుంచి వచ్చేవి, పనితనం మనవాళ్ళది. రాగి, ఇత్తడి గిన్నెలకు ఏటా కళాయి వేయించుకోవాలి, లేకపోతే చిలుము పడుతుంది. వీధిలో కళాయివాడి కేక వినగానే ఇంటిల్లిపాదీ గిన్నెలు బయట పెట్టిన రోజులు మన పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అల్యూమినియం గిన్నెకు ఆ బెడద లేదు, మోయడానికి తేలిక, పొయ్యి మీద త్వరగా కాగుతుంది. 1903 నాటికి ఆ పని ప్రైవేటు కంపెనీ చేతిలోకి వెళ్ళింది. అలా సత్తుగిన్నె మన వంటింట్లో అడుగుపెట్టింది.

లోహాన్ని మన దేశంలోనే తీయడం మాత్రం 1943లో గాని సాధ్యపడలేదు. కేరళలో పెరియార్ నది ఒడ్డున అలుపురంలో మొదటి కర్మాగారం వెలసింది. తరువాత హీరాకుడ్, రేణుకూట్, మెట్టూరు, కోర్బా వరుసగా వచ్చాయి. 1980లలో నాల్కో సంస్థ ఫ్రెంచి పెషినే కంపెనీ సాంకేతిక సహాయంతో మనకు పొరుగున ఉన్న కోరాపుట్ జిల్లాలోని దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారాన్ని, అంగుల్‌లో లోహం తీసే కర్మాగారాన్ని నెలకొల్పింది. దామన్‌జోడి అల్యూమినా రైలు వ్యాగన్లలో విశాఖ రేవుకు దిగి, ఓడలెక్కి విదేశాలకు వెళుతుంది. తెల్లటి పిండిలాంటి ఆ పదార్థం కథలో ఒక సగం. రెండవ సగం నల్లనిది.

తక్కెడ చెప్పిన సాక్ష్యం

కర్మాగారంలో ఈ విశ్లేషణ జరిగే పెద్ద తొట్టెను 'పాట్' అంటారు, అంటే కుండే. అడుగున బొగ్గుతో పరిచిన కాథోడు, దాని మీద కరిగిన లోహం, ఆ పైన 950 డిగ్రీల పైచిలుకు వేడితో ఎర్రగా మరిగే క్రయోలైటు, అందులోకి పైనుంచి వేలాడే బొగ్గు ఆనోడ్లు. ఒక్కొక్క పాట్‌కు నాలుగు వోల్టుల పైచిలుకు వోల్టేజి చాలు. కానీ కరెంటు మాత్రం లక్షల ఆంపియర్లలో పారుతుంది. కరెంటు పారగానే అల్యూమినియం కిందికి చేరుతుంది, ఆక్సిజన్ ఆనోడు దగ్గరకు వచ్చి బొగ్గుతో కలిసి గ్యాసయి పోతుంది. ఆనోడు కరిగిపోవడం అంటే ఇదే.

ఏ గ్యాసుగా పోతుంది? ఈ చిన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. బొగ్గు ఆక్సిజన్‌తో కలిస్తే రెండు రకాల వాయువులు రావచ్చు, కార్బన్ మోనాక్సైడు లేదా కార్బన్ డయాక్సైడు. అంత వేడిలో మోనాక్సైడే రావాలని ఉష్ణగతిశాస్త్రపు లెక్క చెబుతుంది. పాట్ల నుంచి వచ్చే పొగలో చూస్తే రెండూ ఉంటాయి, డయాక్సైడే ఎక్కువ. మరి లెక్క తప్పా, కొలత తప్పా?

దీన్ని తేల్చడానికి ప్రయోగశాలలో ఒక సులువైన దారి ఉంది. చిన్న మూసలో క్రయోలైటు కరిగించి, తూచిన బొగ్గుకడ్డీని దించి, ఎంత కరెంటు పంపామో లెక్కపెట్టి, తిరిగి కడ్డీని తూచడం. ఫారడే సూత్రం ప్రకారం టన్ను లోహానికి, వచ్చే గ్యాసు డయాక్సైడయితే 333 కిలోల బొగ్గు ఖర్చు కావాలి. మోనాక్సైడయితే సరిగ్గా దానికి రెట్టింపు. తక్కెడ అబద్ధం చెప్పదు కదా. జాగ్రత్తగా చేసిన కొలతల్లో బొగ్గు ఖర్చు మొదటి లెక్కకే దగ్గరగా వచ్చింది. ఆక్సిజన్ బొగ్గు ఉపరితలానికి అతుక్కుని నెమ్మదిగా విడిపోతుందనీ, మామూలుగా పంపే కరెంటు జోరుకు డయాక్సైడుగానే బయటపడుతుందనీ క్రమంగా అర్థమయింది. ఆ నెమ్మదితనానికి పాట్ అదనంగా అర వోల్టు దాకా చెల్లించుకుంటుంది.

మరి పొగలో మోనాక్సైడు ఎక్కడిది? 1947లో ఫారడే సొసైటీ చర్చల్లో పియర్సన్, వాడింగ్టన్ అనే ఇద్దరు దానికి జవాబు ఇచ్చారు. కిందికి చేరిన లోహంలో కొంత మళ్ళీ ద్రవంలో కరిగి పైకి తేలుతుంది. అక్కడ డయాక్సైడు బుడగలు ఎదురైతే వాటి ఆక్సిజన్‌ను లాక్కుని తిరిగి అల్యూమినాగా మారిపోతుంది. మిగిలిన వాయువు మోనాక్సైడు. అంటే పొగలో మోనాక్సైడు ఎంత ఉంటే అంత లోహం చేజారిందన్నమాట. పొగలో డయాక్సైడు 80 శాతం ఉంటే కరెంటులో 90 శాతమే లోహంగా మిగిలిందని చెప్పే చిన్న సూత్రం వాళ్ళు ఇచ్చారు. చేయి చూసి నాడి చెప్పినట్టు, పొగ చూసి పాట్ ఆరోగ్యం చెప్పడం అలా వచ్చింది.

గాజు కిటికీలోంచి చూసినవారు

ఎంత లెక్క కట్టినా, ఆనోడు అడుగున ఏం జరుగుతోందో కంటితో చూడాలన్న కోరిక శాస్త్రజ్ఞులకు ఉండడం సహజం. పాట్ మీద గట్టి పెచ్చు కట్టి ఉంటుంది, లోపల కళ్ళు చెదిరే వేడి. 1970లలో అమెరికాలోని ఆల్కోవా సంస్థ పరిశోధకుడు వారెన్ హాపిన్, ఆయన సహచరులు పారదర్శకమైన చిన్న పాట్‌ను తయారుచేసి, ఆ దృశ్యాన్ని చూడగలిగారు. క్వార్ట్జ్ గోడ కూడా ఆ ద్రవంలో కొద్దికొద్దిగా కరిగిపోతుంది కాబట్టి ఇలాంటి పాత్రల్లో చూసే వ్యవధి తక్కువ. అయినా ఎన్నో సంగతులు బయటపడ్డాయి. ఆనోడు కింద చిన్న బుడగలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి, అప్పడంలా పరుచుకుని, అంచు దాకా పాకి ఒక్కసారిగా బయటకు దూకుతాయి. బుడగ అడ్డం ఉన్నంత సేపూ ఆ మేర కరెంటుకు దారి ఉండదు. పెద్ద పాట్లలో ఆనోడు అడుగున గాళ్ళు కోసి, గ్యాసు త్వరగా తప్పుకునేలా చేసే పద్ధతి వెనక ఇలాంటి పరిశీలనలే ఉన్నాయి. నార్వేలో ట్రాన్‌హైమ్‌లో గ్యోథైమ్, టోన్‌స్టాడ్, న్యూజీలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో బారీ వెల్చ్ ఈ విద్యను తరతరాల విద్యార్థులకు నేర్పారు.

ఆనోడు నడవడిలో అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది 'ఆనోడు ప్రభావం' అనే వింత. ద్రవంలో అల్యూమినా రెండు శాతానికి అటూ ఇటూగా పడిపోయిందనుకోండి. అంతవరకు బొగ్గును తడుపుతూ ఉన్న ద్రవం, తామరాకు మీద నీటిబొట్టులా ఉన్నట్టుండి దాన్ని విడిచిపెడుతుంది. ఆనోడు చుట్టూ గ్యాసు పొర కమ్ముకుంటుంది. నాలుగు వోల్టులు ఒక్కసారిగా ముప్పై, నలభై దాకా ఎగబాకుతాయి. పొర గుండా నిప్పురవ్వలు ఎగురుతాయి. పూర్వం పాట్‌కు కట్టిన దీపం వెలగగానే కార్మికుడు పరుగెత్తుకు వచ్చి పచ్చికర్రను ఆ ద్రవంలోకి పొడిచేవాడు. కర్రలోని తడి ఆవిరై ద్రవాన్ని కలచివేస్తే గ్యాసు పొర చెదిరి, పాట్ మామూలు స్థితికి వచ్చేది. ఆ రోజుల్లో అల్యూమినా అయిపోయిందని తెలుసుకోవడానికి ఇదొక గుర్తుగా కూడా వాడుకునేవారు, అన్నం మాడు వాసన వస్తే నీళ్ళు ఇగిరాయని తెలుసుకున్నట్టు.

అయితే ఈ మాడు వాసనకు మూల్యం పెద్దది. ఆనోడు ప్రభావం వచ్చినప్పుడు ఆక్సిజన్‌కు బదులు క్రయోలైటులోని ఫ్లోరిన్ బొగ్గుతో కలుస్తుంది. అలా పుట్టే కార్బన్ టెట్రాఫ్లోరైడు అనే వాయువు గాలిలో దాదాపు యాభైవేల ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉంటుంది. నూరేళ్ళ లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడుకు ఏడువేల రెట్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ సంగతి తెలిశాక ప్రయోగశాల విద్య కర్మాగారానికి నేరుగా ఉపయోగపడింది. కంప్యూటరు ప్రతి క్షణం పాట్ వోల్టేజిని గమనిస్తూ, అల్యూమినాను కిలో, రెండు కిలోల చొప్పున మాటిమాటికీ వేసే ఏర్పాటు వచ్చింది. 1990 నుంచి లెక్క చూస్తే ఇరవై ముప్పై ఏళ్ళలో టన్ను లోహానికి వెలువడే ఈ వాయువులు దాదాపు పదోవంతుకు తగ్గాయి. వాతావరణాన్ని కాపాడే పని కూడా పదవీ బిరుదులు లేని మనుషులు మూసల ముందు కూర్చుని చేస్తారనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

బొగ్గు వంట, విశాఖ వాటా

ఈ ఆనోడు గనిలో తవ్విన బొగ్గు కాదు. గనిబొగ్గులో బూడిద ఎక్కువ, ఆ బూడిద లోహాన్ని పాడుచేస్తుంది. పరిశుభ్రమైన కార్బన్ కావాలి. అది ముడిచమురు దగ్గర దొరుకుతుంది. మన సింగపూరులో 1961లో పులావ్ బుకోం ద్వీపంలో షెల్ సంస్థ మొదటి చమురుశుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది. అలాంటి కర్మాగారాల్లో పెట్రోలు, కిరోసిను తీసేశాక అడుగున మడ్డి మిగులుతుంది. కొన్ని దేశాల్లో ఆ మడ్డిని ఇంకా కాచి, గట్టి నల్లని పెట్రోలియం కోకుగా మారుస్తారు. దాన్ని పొడవైన కొలిమిలో 1200 డిగ్రీలకు పైగా కాల్చి తేమను, వాయువులను వదిలిస్తారు. ఇదే కాల్సైన్ చేయడం.

ఆనోడు తయారీ అచ్చంగా వంటే. కాల్సైన్ చేసిన కోకు మూడింట రెండు వంతుల దాకా వేస్తారు. బొగ్గు తారు నుంచి తీసిన పిచ్ ఏడో ఆరో వంతు కలిపి ముద్ద చేస్తారు. పాట్ లోంచి తీసిన పాత ఆనోడ్ల మొదళ్ళు శుభ్రం చేసి, దంచి, ఆ ముద్దలోనే వేస్తారు, మనం పెరుగు తోడు వేసినట్టు. అచ్చులో పోసి గట్టిపరచి, 1100 డిగ్రీల ప్రాంతంలో రోజుల తరబడి కాలుస్తారు. అలా వచ్చిన దిమ్మ పాట్‌లో నాలుగు వారాల ప్రాంతంలో ఉండి, చిన్న మొదలుగా మిగిలి బయటకు వస్తుంది.

లెక్క ప్రకారం టన్ను లోహానికి 333 కిలోలు చాలాలి. కర్మాగారాల్లో అది నాలుగు వందలు దాటుతుంది. తక్కినదంతా ఎక్కడికి పోతోంది? ఈ ప్రశ్నకు జవాబు కోసమే స్విట్జర్లాండ్‌లోని ఆర్ అండ్ డి కార్బన్ లాంటి ప్రయోగశాలలు వెలిశాయి. ఆనోడు నుంచి వేలెడంత కడ్డీ కోసి, గాలిలో ఒకసారి, కార్బన్ డయాక్సైడులో ఒకసారి కాల్చి, ఎంత బరువు తగ్గిందో, ఎంత పొడి రాలిందో తూస్తారు. పైన గాలి తగిలినచోట కొంత కాలిపోతుందనీ, అడుగున డయాక్సైడు మరికొంత కొరుకుతుందనీ, ముద్దను కలిపి ఉంచిన పిచ్ ముందుగా కాలితే కోకు గింజలు విడిపోయి ద్రవంలో పొడిగా తేలుతాయనీ వీటివల్ల తెలిసింది. చమురులో ఉండే వనేడియం, సరిగా కడగని మొదళ్ళతో వచ్చే సోడియం ఇటువంటి కాలుడును తొందరపెడతాయి. వంటలో ఉప్పెక్కువైతే రుచి చెడినట్టే ఇదీ.

ఇక్కడే మన విశాఖపట్నం కథలోకి వస్తుంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న రెయిన్ సంస్థ 1990ల చివర విశాఖలో పెట్రోలియం కోకు కాల్సైన్ చేసే కొలిములు నెలకొల్పింది. ఆ కొలిముల వృథా వేడితో కరెంటు కూడా తయారుచేస్తారు. 2007లో ఆ సంస్థ అమెరికాలో ఇదే పని చేసే సీఐఐ కార్బన్ కంపెనీని, 2013లో పిచ్ తయారుచేసే జర్మనీ రూట్‌గర్స్ కంపెనీని కొన్నది. అంటే ఆనోడు వంటలోని రెండు ముఖ్య దినుసులూ ఒక తెలుగునాటి సంస్థ చేతికి వచ్చాయి. తెల్లని అల్యూమినాకు ఓడరేవు విశాఖ, నల్లని కోకుకు కొలిమి విశాఖ.

ఈ పరిశ్రమకు గాలి సంగతి కూడా ఎదురయింది. ఢిల్లీ వాయుకాలుష్యం కేసులో పెట్రోలియం కోకును ఇంధనంగా వాడడం చర్చకు వచ్చి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దేశంలోని కాల్సైన్ కర్మాగారాలన్నిటికీ కలిపి పచ్చికోకు దిగుమతి ఏడాదికి 14 లక్షల టన్నులకు మించరాదని పరిమితి విధించింది. ఢిల్లీ పొగమంచు విశాఖ కొలిమిని తాకింది. దూరదూరపు సంగతులు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కరగని ఆనోడు వస్తే

టన్ను అల్యూమినియం తీస్తే ఆనోడు నుంచే దాదాపు టన్నున్నర కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. అందుకే హాల్ నాడు వదిలేసిన కల మళ్ళీ మొలకెత్తింది. 2018లో ఆల్కోవా, రియో టింటో సంస్థలు కెనడాలో ఎలిసిస్ అనే ఉమ్మడి సంస్థను ప్రకటించాయి. బొగ్గుకు బదులు కరగని ఆనోడు పెడితే ఆక్సిజన్ ఆక్సిజన్‌గానే బయటకు వస్తుంది, పొగకు బదులు ప్రాణవాయువు. 2021లో వారి పరిశోధన కేంద్రంలో ఈ పద్ధతిలో లోహం తీశారు.

వినడానికి బాగుంది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, ఆనోడు విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. అల్యూమినాను బొగ్గు సహాయం లేకుండా విడగొట్టాలంటే కనీసం 2.2 వోల్టులు కావాలి. బొగ్గు ఆనోడు ఉంటే 1.2 వోల్టులు చాలు. అంటే బొగ్గు ఊరికే కరిగిపోవడం లేదు. తాను కాలి ఒక వోల్టు భారాన్ని తాను మోస్తోంది. ఆ ఒక్క వోల్టు విలువ టన్ను లోహానికి దాదాపు మూడువేల యూనిట్ల విద్యుత్తు. కెనడాలో నదీజలాల కరెంటు ఉంది కాబట్టి దాన్ని భరించగలరు. మన అంగుల్, కోర్బాల్లో కరెంటు బొగ్గు నుంచే వస్తుంది. బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు ఒక కిలో డయాక్సైడు విడుదలవుతుంది. ఆ వోల్టును మరోచోట ఆదా చేసుకోలేకపోతే, ఆనోడు దగ్గర తప్పించిన పొగకు రెట్టింపు పొగ విద్యుత్ కేంద్రం గొట్టంలోంచి వస్తుంది. కాబట్టి కొత్త ఆనోడు ఒక్కటే చాలదు, దాని వెనక కరెంటు కూడా శుభ్రపడాలి. ఈ మాట తేల్చి చెప్పింది ఊహ కాదు, తక్కెడ, వోల్టు మీటరు.

మరో మాట కూడా ఉంది. కరగని ఆనోడు నిజంగా గెలిస్తే కోకు కొలిములతో పనేముంది? ఆ పని మీద బతికే కుటుంబాలు విశాఖలో ఉన్నాయి. రేపటి గాలి, ఇవాళ్టి కూడు, రెండింటినీ ఒకే తక్కెడలో తూచవలసిన రోజు మన పిల్లల కాలంలో వస్తుంది. అది ఎవరో తీర్చే తగవు అనుకోవద్దు. మన పిల్లల్లో ఎందరో ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో పదార్థ విజ్ఞానం చదువుతున్నారు. వారిలో ఒకరు ఆ మూస ముందు కూర్చోవచ్చు.

సింగపూరులో అల్యూమినియం తీసే కర్మాగారం లేదు. అయినా ఆ కథ మన కళ్ళముందే నడుస్తోంది. మలక్కా జలసంధి ఒడ్డున, ఉత్తర సుమత్రాలోని క్వాలా తంజుంగ్‌లో ఇనాలుమ్ కర్మాగారం 1982 నుంచి అసహాన్ నది విద్యుత్తుతో ఈ లోహం తీస్తోంది. విశాఖ నుంచి తూర్పు దేశాలకు వెళ్ళే ఓడలు ఆ జలసంధి దాటి మన తీరం పక్కనుంచే సాగిపోతాయి. ఈస్ట్ కోస్ట్ పార్కులో సాయంత్రం పిల్లలతో కూర్చున్నప్పుడు బారులు తీరి నిలిచిన ఓడలను చూపించి, వాటిలో ఏదో ఒకదానిలో మన తూర్పు కనుమల తెల్లమట్టి ఉండవచ్చని చెప్పండి.

మా అమ్మమ్మ గిన్నె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అడుగున సొట్ట పడింది, అంచు అరిగింది. దాని బరువు అరకిలో ఉంటుంది. అంత లోహం రావడానికి పావుకిలో దాకా బొగ్గు కరిగి పోయి ఉంటుంది. అది ఎక్కడ పుట్టిందో, ఏ పాట్‌లో కరిగిందో ఎవరికీ తెలియదు. ఈ ఉగాదికీ పచ్చడి పిడతలోనే కలుపుతాం, ఆవిడ మాట తప్పం. కానీ పక్కనే ఆ గిన్నెలో నీళ్ళు పోసి పెడతాను. పిల్లలు ఎందుకని అడిగితే, చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఒక కథ ఉంది.